తెల్లచీర దెయ్యమూ, మా మేనత్తా

నిన్న మా మనవరాలు ఫోనులో దెయ్యం సినిమా చూస్తూ దుప్పటి ముసుగేసుకుంది. తొంగి చూశాను. అదే తెల్లచీర! అరవై ఏళ్లయినా దెయ్యానికి ఇంకో చీర కొనిపెట్టే నిర్మాత పుట్టలేదు.

మా ఊరు కొడవలూరులో టూరింగ్ టాకీసు డేరా గుర్తుందా? నేల టిక్కెట్టు, చీమలు కుట్టే ఇసుక, వేరుశనక్కాయల పొట్టు, బీడీల పొగ. చిన్నవయసులోనే భర్త పోయిన మా మేనత్త మా ఇంట్లోనే ఉండేది. కట్టేది తెల్లచీర, తలలో పువ్వు ఉండకూడదు. పిల్లలకు తోడు కావాలి గనుక నాన్న ఆమెను మొదటిసారి సినిమాకు పంపించాడు.

తెరమీద దెయ్యం జడనిండా మల్లెపూలతో పాడుతూ తిరిగింది. విశ్రాంతికి లైట్లు వెలగగానే, ముందు కూర్చున్న చిన్నపిల్ల వెనక్కి తిరిగి అత్తను చూసి కెవ్వుమంది. డేరా అంతా ఒకటే నవ్వు. నాకు ఏడుపొచ్చింది.

"బయపడబాక తల్లీ, నాకు పాటలు రావులే" అంది అత్త.

ఇంటికి నడుస్తున్నప్పుడు మెల్లగా నన్నడిగింది: "చూసినావా పాపా, దెయ్యమైతే పూలు పెట్టుకోవచ్చంట!"

"అది చచ్చిపోయింది కదత్తా, ఇంక దాన్నెవురు అడిగేది?" అన్నాను.