ఇంట్లో అనుకున్న పురుడు

మొన్న ఆదివారం పొద్దున మా అత్తగారు పోయారు. పొయ్యి ముందు కూర్చున్న మనిషి అలాగే గోడకు ఒరిగిపోయారు. చూడవచ్చిన వాళ్ళు "పండుటాకు, రాలిపోయింది" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆమె నా బిడ్డను పోగొట్టిన మనిషి, నన్ను బతికించిన మనిషి. ఆ రెండూ చెప్పకుండా ఆమెను సాగనంపడం నాకిష్టం లేదు.

నా తొలి కాన్పు గుంటూరు ఆసుపత్రిలో. కడుపు కోసి ఆడపిల్లను తీశారు. మళ్ళీ నెల తప్పితే ముందుగానే వచ్చి చేరమని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. రెండోసారికి యుద్ధం నడుస్తోంది. నరసరావుపేట నుంచి గుంటూరు వెళ్ళే బస్సు, పెట్రోలు కరువై బొగ్గుతో నడిపేది, ఎప్పుడు కదులుతుందో, ఎక్కడ ఆగిపోతుందో దాని డ్రైవరుకే తెలియదు.

"ఒకసారి కోశారని ప్రతిసారీ కోయాలా ఏందమ్మా? ఇంట్లోనే కందువుగాని" అన్నారు అత్తగారు. ఆ కత్తి జోలికి మళ్ళీ పోవాలని నాకూ లేదు. సరేనన్నాను.

ఆమె ఏర్పాట్లు ఆషామాషీవి కావు. పాత చీరలు ఉడకబెట్టి ఆరేశారు. మంత్రసానితో ముందే మాట్లాడి పెట్టుకున్నారు. వాకిట్లో బండిలో గడ్డి పరిపించి, పొద్దు వాలేలోపు కాన్పు కాకపోతే పేట ఆసుపత్రికి తోలాలని మా ఆయన చేత ఒట్టు వేయించుకున్నారు.

నొప్పులు మొదలై, మధ్యాహ్నానికి మందగించాయి. ఇంట్లో ముడులుంటే బిడ్డ దిగదని మా వైపు నమ్మకం. రోజూ బైబిలు చదివే మా అత్తగారు ఆ ఒక్క నమ్మకం వదల్లేదు. నా జడ విప్పారు, బస్తాల మూతులు విప్పారు, చేంతాడు విప్పారు. చివరికి కొట్టంలో ఎడ్ల పలుపులు కూడా విప్పేశారు.

కాసేపటికి పాత కోత దగ్గర నొప్పి పట్టుకుంది. ఎంతకీ విడవదు. మంత్రసాని ఇంకాసేపు చూద్దామన్నా అత్తగారు వినలేదు. అక్కడ చెయ్యి వేసి చూసి, "ఇది కానుపు నొప్పి కాదే. ఒరేయ్ అబ్బాయ్, బండి కట్టరా!" అని కేక పెట్టారు. కొట్టంలో ఎడ్లు లేవు. ఎవరి జొన్నచేలోనో పడి మేస్తున్నాయి. ఆ వయసులో కొడుకుతోపాటు ఆమే పరుగెత్తి తోలుకొచ్చారు. దారంతా నా తల ఒళ్ళో పెట్టుకుని, "నిద్రపోబాకే, నా తల్లీ" అంటూ చెంపలు తట్టారు. ఆసుపత్రిలో నేను దక్కాను. కొడుకు దక్కలేదు. ఇక కాన్పులు లేవన్నారు.

పాదిరిగారు వచ్చి ఇది దైవచిత్తమని ఓదార్చబోయారు. "ఎడ్లను ఇప్పింది దేవుడు కాదయ్యా, నేను" అన్నారు అత్తగారు.

చాలా రోజులు ఆమె పెట్టిన అన్నం తిన్నాను గానీ ఆమె ముఖం చూడలేదు. ఎందుకని ఆమె అడగలేదు. చుట్టుపక్కల ఏ ఇంట కాన్పు కష్టమని విన్నా ఆ గడపకు వెళ్ళేవారు. "ముందే పోండమ్మా ఆసుపత్రికి. నేను చానా తెలివి చూపించి మనవణ్ణి మట్టి చేసుకున్నా" అని అందరి ముందూ చెప్పి వచ్చేవారు. అలా వినీ వినీ నా కోపం ఎప్పుడు పోయిందో నాకే తెలియదు.

తాను పోతే మనవడి పక్కనే పెట్టమనేవారు. అలాగే పెట్టాం. గొయ్యి తవ్వుతుంటే వాడి చిన్న దిబ్బ అంచు విరిగి, కాస్త మట్టి ఆమె గోతిలోకి జారింది. తవ్వేవాళ్ళు పారతో తీయబోయారు.

"ఉండనీయండి" అన్నాను.