మేకల అసిరమ్మ చెప్పిన సాక్ష్యం

మందస దగ్గర మా ఊరి రైలు గేటు పక్కన పాతికేళ్లుగా మేకలు మేపుకుంటున్న అసిరమ్మకి చదువు రాదు. చదువుకున్నవాళ్ల నిర్వాకం చూశాక, రాకపోవడమే మేలనిపిస్తుంది నాకు.

పోయిన మాఘంలో కామేశ్ కొబ్బరికాయల ట్రాక్టరు గేటు మధ్య పట్టాల్లో దిగబడిపోయింది. గేటుమన్ నీలకంఠం ఎర్రజెండా పట్టుకుని, వస్తున్న గూడ్సుబండికి ఎదురు పరిగెత్తాడు. బండి ఆగితేనా? ట్రాక్టరు తుక్కయింది, కామేశ్‌కి కుడికాలు పోయింది. మేకలతో పట్టాల పక్కనే నిలబడ్డ అసిరమ్మ అంతా చూసింది.

మొగుణ్ణి కొట్టి మొగసాలకెక్కినట్టు, గేటుమన్ జెండా చూపలేదని గూడ్సు డ్రైవరే ముందుగా రాసిచ్చాడు. పైవాళ్లకి అంతకన్నా ఏం కావాలి? నీలకంఠాన్ని పనిలోంచి ఆపేశారు. విచారణలో తప్పు అతనిదేనని తేలితే ఉద్యోగం ఊడినట్టే.

ప్రమాదం గురించి తెలిసినవాళ్లు ఎవరైనా వచ్చి చెప్పవచ్చని పేపర్లో ఓ మూల ప్రకటన వేశారు. ఎవరి కంటా పడకూడదంటే అంతకన్నా మంచి చోటు దొరకదు. నీలకంఠం భార్య గౌరీశ్వరి ఆ కాగితం పట్టుకుని అసిరమ్మ దగ్గరకి ఏడుస్తూ వచ్చింది.

"ఏడవకే. సూసినాను గదా, సెప్పనా ఏటి?" అంది అసిరమ్మ. మేకల్ని గౌరీశ్వరికి అప్పగించి పలాస బస్సెక్కింది. తోడుగా నేనూ వెళ్లాను.

విచారణ గదిలో చూసింది చూసినట్టు చెప్పింది. గుమాస్తా గబగబా రాసి, వేలిముద్ర వెయ్యమన్నాడు.

"సదివి ఇనిపించు బాబూ."

"గేటుమన్ జెండా చూపించినట్టు అనుకుంటున్నాను. డ్రైవరు తల వంచుకుని ఉన్నట్టు అనిపించింది," అని చదివాడు మహానుభావుడు.

"అనుకోడమేటి? సూసినాను. సెల్లు సూత్తన్నాడని సెప్పినాను గదా, అదేదీ?"

విచారణాధికారి గొంతు సవరించుకున్నాడు. "చూడమ్మా, ఆయన ఇంజనులో మీటర్లు చూసుకుంటూ ఉండవచ్చు కదా?"

"మీటర్లు సూసి ఎవులైనా పకపకా నవ్వుతారా బాబూ?"

నాకైతే ఆవిడ కాళ్లకి దండం పెట్టాలనిపించింది.

"అది కూడా రాయి. రాత్తేనే ఏలిముద్దరేత్తాను," అని కుర్చీలో కదలకుండా కూర్చుంది. గుమాస్తా భోజనం వేళ దాటిపోయింది. ఆకలి మహిమ, చివరికి రాశాడు.

నీలకంఠం ఉద్యోగం నిలిచింది. డ్రైవరుకి పది రోజులు శిక్షణ ఇచ్చి, మళ్లీ బండి అప్పగించారు. కామేశ్ కాలు సంగతి ఎవరిని అడిగినా పరిశీలనలో ఉందంటారు. సిగ్గూ శరం లేని జాతి!

శిక్ష మాత్రం ఒక్కరికి పడింది. రైల్వే స్థలంలో మేకలు మేపుతున్నట్టు తన సాక్ష్యంలో తానే ఒప్పుకున్నందుకు అసిరమ్మకి జరిమానా నోటీసు వచ్చింది.