జక్రయ్య రాసిచ్చిన లిస్టు

మా జక్రయ్యకి నలభై దాటకుండానే అరవై ఏళ్ల మనిషి నీరసం వచ్చేసింది. గుంటూరు బ్రాడీపేటలో నా జిరాక్సు షాపు పక్క గదిలో తొంభై ఎనిమిది నుంచీ కంప్యూటర్లు బిగిస్తున్నాడు. ఏ భాగం మంచిదో, ఏది దండగో బాగా తెలిసినవాడు. చెప్పిందంతా విని వేరే షాపులో కొనుక్కునేవాళ్లతో, మేనమామ కొడుకు రాసిచ్చిన లిస్టు తెచ్చి వాదించేవాళ్లతో ఎనిమిదేళ్లు వేగి విసిగిపోయాడు. ఎవరైనా కాస్త గొంతు పెంచితే చాలు, "మీ ఇష్టమండి" అనేసేవాడు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది.

రెండు వేల ఆరు వేసవిలో ప్రత్తిపాడు నుంచి వెంకయ్యగారు వచ్చారు. యార్డులో మిర్చి అమ్మి నేరుగా వచ్చారేమో, కండువా దులపగానే అందరం తుమ్మాం. వెంట కూతురు అఖిల, ఇంజనీరింగు చదువుతున్న కొడుకు త్రినాథ్. అఖిల డిజైనింగ్ కోర్సు చేసింది. ఇంట్లో కంప్యూటర్ ఉంటే విత్తనాల ప్యాకెట్లకు డిజైన్లు వేసే పని ఇస్తామని ఓ ప్రెస్సువాళ్లు మాటిచ్చారు. ఆ పని నిలబడితే రెండేళ్లు పెళ్లి మాట ఎత్తనని తండ్రి ఒప్పుకున్నారట. అంతకు వారం ముందు సర్టిఫికెట్లు జిరాక్సు తీయించుకుంటూ అఖిలే నాకు చెప్పింది. త్రినాథ్‌కి గేములాడాలి. ఇద్దరికీ కలిపి ఒకటే కంప్యూటర్.

జక్రయ్య లిస్టులో ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, పెద్ద మానిటర్ అన్నీ రాశాక పేచీ వచ్చింది.

"వెంకయ్యగారూ, మీ ఊళ్లో త్రీఫేజు రాగానే మోటార్లన్నీ ఒక్కసారే వేస్తారు. ఓల్టేజీ ఎగిరెగిరి పడుద్ది. క్యాబినెట్‌తో ఊరికే వచ్చే కరెంటు డబ్బా, లోపలి భాగాలన్నిటికీ కరెంటిచ్చేది, దానికి ఆగదండి. మంచిది వేసి, యూపీఎస్ పెడదాం. గేముల కార్డు తర్వాత కొనుక్కోవచ్చు," అన్నాడు జక్రయ్య.

"కార్డు లేకపోతే గేమ్ ఓపెనే అవదు నాన్నా!" అన్నాడు త్రినాథ్.

"ఏమయ్యా, ఊరికే వచ్చేది ఉండగా మళ్లీ కొనమంటావేంది? మా ఇంట్లో టీవీ ఆడట్లా? పిల్లోడు అడిగింది వెయ్యి," అన్నారు వెంకయ్యగారు గట్టిగా.

జక్రయ్య పెన్నుకి మూత పెట్టాడు. "మీ ఇష్టమండి."

అఖిల మూలన స్టూలు మీద కూర్చుని మానిటర్ల కాగితం తిరగేస్తోంది. ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు.

నెల తిరక్కుండానే ఆ పిల్ల ఒక్కతే క్యాబినెట్‌ని ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చింది. జక్రయ్య మూత తీయగానే కాలిన వాసన కొట్టింది. ఊరికే వచ్చిన కరెంటు డబ్బా మాడిపోయి మదర్‌బోర్డు పోయింది. హార్డ్ డిస్కు పోయింది, అందులో ప్రెస్సుకి ఇవ్వాల్సిన పద్నాలుగు డిజైన్లూ పోయాయి. బాగున్నది గేముల కార్డొక్కటే. కంప్యూటర్ ఆగిపోయి పది రోజులైందట, ప్రెస్సువాళ్లు చూసి చూసి పని వేరేవాళ్లకి ఇచ్చేశారట. ఇంట్లో పెళ్లిచూపులకు రోజు కూడా అనుకున్నారట.

"నేను ఆ రోజే చెప్పానమ్మా," అన్నాడు జక్రయ్య నెమ్మదిగా.

"నాన్నకి చెప్పారంకుల్. తమ్ముడికి చెప్పారు. దాని ముందు కూర్చుని పని చేసేది నేను కదా. కాలిపోతే నీ డిజైన్లన్నీ పోతాయమ్మా అని నాతో ఒక్క మాట అనుంటే, ఏడ్చో గోల చేసో నేనే కొనిపించేదాన్ని."

ఎప్పుడూ జక్రయ్యని దెప్పే నేను కూడా లిస్టు రాసిన రోజు అక్కడే నిలబడి ఉన్నాను. ఆ పిల్లని అడగాలని నాకూ తట్టలేదు. సిగ్గేసింది.

జక్రయ్య లేచి, తన సొంత కంప్యూటర్ విప్పడం మొదలుపెట్టాడు. "ఇందులో మంచి డబ్బా ఉందమ్మా, బోర్డు, డిస్కు కూడా ఉన్నాయి. సాయంత్రానికల్లా నీకు బిగించి ఇస్తాను," అన్నాడు.

అఖిల చున్నీతో ముఖం తుడుచుకుంది.

"ఇప్పుడు నాకెందుకంకుల్. తమ్ముడికి బిగించండి, ఆడుకుంటాడు."