కిటికీ ముందు రాకుమారి

విక్టోరియా కాలపు తైలవర్ణ చిత్రాన్ని జర్మనీలోని పాడర్‌బోర్న్ వీధుల్లో నేనొక్కణ్ణే మోసాను. సరే, నేను పట్టుకున్నది ఒక మూలే. బరువంతా మా అమ్మాయి వాళ్ల ఓనరమ్మది.

విమానాలు ఆగిపోయి నేనక్కడ చిక్కుకున్న కరోనా రోజులవి. ముళ్లపొదల్లో నిద్రపోతున్న కథల రాకుమారి బొమ్మ అది. ఓనరమ్మ రోజూ ముళ్లమీది దుమ్మే తుడిచేది. రాకుమారి సంగతేమిటని సైగ చేస్తే, లేపకు అన్నట్టు పెదవులమీద వేలుంచేది.

ఆవిడ అక్క వృద్ధాశ్రమంలో ఉండేది. లోపలికి ఎవర్నీ రానివ్వడం లేదు. చిన్నప్పుడు అక్కాచెల్లెళ్లిద్దరూ ఆ బొమ్మ కిందే పడుకునేవారట. అందుకని దాన్ని తీసుకెళ్లి అక్క కిటికీ ముందు నిలబెట్టింది.

"అక్క నవ్వుతూ చెయ్యూపింది" అని అందరికీ చెబుతుంటాను.

ఆ రోజు మాతో వచ్చిన మా అమ్మాయి ఊరుకోదు. "నవ్వలేదు నాన్నా. తలుపు తియ్యమని అద్దం బాదింది."