అత్తమ్మ నిలదీసిన విమానం

మొన్న చిట్యాలలో, మా పెరటిని ఆనుకుని ఉన్న పత్తి చేనుకు మందు కొట్టడానికి డ్రోన్ తెచ్చారు. అది రొద చేస్తూ గట్టు దాటుతుంటే అందరూ ఫోన్లు పైకెత్తారు. నేను మాత్రం దండెం మీది బట్టలు తీయడానికి పరుగెత్తాను. ఎందుకో అడిగితే ఏం చెప్పను?

ఆ అలవాటు మా అత్తమ్మది. నేను మరిపెడ నుంచి కొత్తకోడలిగా వచ్చిన ఏడాది, మిరపకూ పత్తికీ పురుగు పట్టిందని సర్కారు ఒక పాత విమానాన్ని పంపింది. ఒకే ఇంజను, మొద్దు ముక్కు, కింద వేలాడే చక్రాలతో రెక్కలు మొలిచిన ట్రాక్టరులా ఉండేది. పసుపు రంగు పెచ్చులూడిన చోటల్లా అడుగున మిలిటరీ ఆకుపచ్చ కనిపించేది. ఊరంతా చూడటానికి బయటికొస్తే, అత్తమ్మ దండెం మీది చొక్కా లాక్కుని లోపలికి పోయేది. ఆ చొక్కా మా మరిదిది. అతడు ఆ ఎండాకాలం భూపాలపల్లి వైపు పోయి మళ్లీ రాలేదు. అడవిలో అన్నల్లో, అంటే నక్సలైట్లలో కలిశాడని కొందరు, బొగ్గు పనికి పోయాడని కొందరు అనేవారు. అత్తమ్మ మాత్రం వారం వారం చొక్కా ఉతికి ఆరేసేది, అంతే.

"గది మందు కొట్టెటందుకు రాలె బిడ్డా, నా కొడుకును దేవులాడుతాంది" అనేది నాతో. మందు కంపు ముక్కులు బద్దలు కొడుతున్నా, అది అతణ్ని వెతకడానికి రాలేదంటే నమ్మేది కాదు. "మందైతె పురుగులెందుకు సస్తలేవు?" అని నిలదీసేది. నిజంగానే పురుగులు పెద్దగా చావలేదు. ఆ రోజుల్లో ఆమెకు అందరిమీదా అనుమానమే. నన్ను చూడటానికి వచ్చిన మా అన్నను కూడా "నిన్నెవరు పంపిన్రు?" అని అడిగింది.

ఒక పొద్దున ఇంజను దగ్గి దగ్గి, విమానం మా పెసరు చెలకలో దిగింది. పెసరు అప్పటికే పీకేశాం కాబట్టి సరిపోయింది. నెరిసిన జుట్టు పైలటు దిగి మంచినీళ్లు అడిగాడు. చెంబు పట్టుకుని అందరికంటే ముందు నడిచింది అత్తమ్మే. కానీ చెంబు ఇవ్వలేదు.

"గిది పోలీసోళ్లదా?"

"కాదమ్మా, ఒకప్పుడు మిలిటరీది. జవాన్లకు ఉత్తరాలు, రొట్టెలు మోసింది. దెబ్బ తాకినోళ్లను దవాఖానకు తెచ్చింది. ముసలిదయినంక గిప్పుడు మందు మోస్తాంది."

"మనుషులను దేవులాడెటందుకు పోలేదా?"

"పోయింది. అబద్ధమెందుకు చెప్పాలె? కానీ అడవి మీదకెల్లి చూస్తె ఆకులే కనబడుతయి, మనుషులు కనబడరు."

అత్తమ్మ ఆయన ముఖంలోకి చాలాసేపు చూసి చెంబు చేతికిచ్చింది. మొదటి మాట ఒప్పుకున్నాడు కాబట్టి రెండోది నమ్మిందనుకుంటాను. ఆయన తాగుతుండగా మెల్లగా అడిగింది.

"ఆకు రాలినంక?"

పైలటు చెంబు దించాడు. "అప్పుడు కనబడుతరమ్మా" అన్నాడు.

మధ్యాహ్నానికి మెకానిక్కు వచ్చాడు, విమానం ఎగిరిపోయింది. ఈసారి అత్తమ్మ చొక్కా తీయలేదు. టేకు ఆకు రాలకముందే ఆమె సద్ది కట్టుకుని ఒంటరిగా భూపాలపల్లి బస్సెక్కింది. ఎవరింట్లో దిగిందో, ఎవరిని బతిమాలిందో తెలియదు. తిరిగొచ్చినప్పుడు పక్కన చలిజ్వరంతో వణుకుతూ మరిది ఉన్నాడు. "అవ్వ వచ్చి కూసున్నది, ఎంత చెప్పినా లేవలె" అన్నాడు తల్లిని చూపిస్తూ, అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. తేరుకున్నాక మహబూబాబాద్ స్టేషను దగ్గర సైకిలు దుకాణం పెట్టుకుని బతికినంత కాలం అక్కడే ఉన్నాడు.

అన్నల్లో ఉన్నాడా, బొగ్గు పనిలో ఉన్నాడా అని అత్తమ్మ ఏనాడూ అడగలేదు, మమ్మల్ని అడగనివ్వలేదు. ఇప్పుడు ఆమె లేదు, అతడూ లేడు. అడగడానికి భయపడిన రోజులు పోయి, అడగడానికి మనుషులే లేని రోజులు వచ్చేశాయి.