గండిలో నిలబడినవాళ్ళు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళని చూస్తే నాకు నవ్వొచ్చేది. తమిళనాట రాజపాళయంలో ఒక నూలు మిల్లు ఆఫీసులో పని చేసి రిటైరైన మనిషిని. కంటికి కనిపించింది, చేతికి తగిలింది తప్ప దేన్నీ నమ్మేవాణ్ణి కాదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. జరిగింది మాత్రం చెబుతాను.

మా అన్నకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. వీధినంతా నవ్వించిన మనిషి. మాటలు నేర్పడానికి వచ్చే అమ్మాయి నీళ్ళ గ్లాసు చూపించి ‘తణ్ణీర్’ అనమనేది, అన్నం చూపించి ‘సోరు’ అనమనేది. మా ఇంట్లో తరతరాలుగా తెలుగే. అయినా ఆమెను చూసి మేమూ అన్నని తమిళంలోనే అడగడం అలవాటు చేసుకున్నాం. అన్న నోరు తెరిచేవాడు, మూసేవాడు.

ఎడమ చేతికి ఏదైనా పని పెట్టమని కూడా ఆమే చెప్పింది. అప్పుడే నిరుటి దసరా వస్తోంది. బొమ్మల కొలువులో పాంచాలంకురిచ్చి కోట యుద్ధం పెట్టాలనుకున్నాను. చిన్నప్పుడు నాకు ఆ కథ చెప్పింది అన్నే. తెల్లవాళ్ళ ఫిరంగులు మట్టి గోడకి గండి కొడితే, కోటవాళ్ళు ఆ గండిలోనే నిలబడ్డారని చెప్పేటప్పుడు మంచం మీద లేచి నిలబడేవాడు. ప్లాస్టిక్ సిపాయి బొమ్మలు తెచ్చి, కోటవాళ్ళకి రంగులు వేసే పని అన్నకి ఇచ్చాను.

కోటని మేడ మీద గదిలో నేను కట్టాను. అట్టముక్కలు నిలబెట్టి, మా ఊళ్ళో నేసే కట్టు గుడ్డని ప్లాస్టర్ పొడి కలిపిన నీళ్ళలో ముంచి వాటి మీద పరిచాను. విరిగిన చేతికి వేసే కట్టులాంటిదే. దాని మీద చోళపురం నుంచి తెచ్చిన ఎర్రమట్టి పూసి, ముందు గోడలో గండి వదిలాను.

అన్న వేసిన బొమ్మలు బాగా రాలేదు. తలపాగా రంగు మొహాల మీదికి కారింది. ఒకడి కళ్ళు గడ్డం దగ్గర ఉన్నాయి. “బాగుందన్నా” అని తీసుకెళ్ళి, పైన బిస్కెట్ డబ్బాలో వేసి మంచం కిందికి తోసేవాణ్ణి. వాటి చోట నేను రంగు వేసినవి పెట్టేవాణ్ణి. చూడవచ్చినవాళ్ళు నన్ను చూసి నవ్వుతారని నా బాధ. అన్న కొత్త బొమ్మ ఇచ్చినప్పుడల్లా వేలితో పైకి చూపించేవాడు, పెట్టావా అన్నట్టు. తల ఊపేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం పైకి వెళ్ళేసరికి అన్న బొమ్మలన్నీ గండిలో నిలబడి ఉన్నాయి. నావి పక్కన పడుకోబెట్టి ఉన్నాయి. నా భార్యని అనుమానించాను. “మీ బొమ్మల్తో ఆడేకి నేను మెట్లెక్కి వస్తానా? నా మోకాళ్ళని అడిగి చూడండి” అంది. బొమ్మల్ని మళ్ళీ డబ్బాలో వేసి, నైలాను తాడుతో కట్టి, గదికి తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకున్నాను.

కొలువుకి ముందురోజు గండి అంచులు చెదిరితే, తడి ప్లాస్టర్ గుడ్డ కొత్తగా పరిచాను. అది ఒక కాఫీ తాగేలోపు గట్టిపడిపోతుంది. తాళం వేసి అన్నానికి దిగాను. అన్న నా ఎదురుగా కూర్చుని ఎడమ చేత్తో తిన్నాడు. నా భార్య వడ్డించింది. ఇంట్లో ఇంకెవరూ లేరు.

పైకి వెళ్ళి తాళం తీశాను. అన్న బొమ్మలు గండిలో ఉన్నాయి. పాదాలు చీలమండల దాకా ప్లాస్టర్లో దిగి ఉన్నాయి. ప్లాస్టర్ రాయిలా ఉంది. ఒకదాన్ని లాగితే గోడే కదిలింది, వదిలేశాను. డబ్బాకి తాడు నేను వేసిన ముడితోనే ఉంది. ఊపి చూస్తే లోపల చప్పుడు లేదు.

భయం వేసింది. అంతకంటే సిగ్గు వేసింది. అన్నని పైకి తీసుకెళ్ళాలని అన్నాళ్ళూ నాకు తోచనే లేదు. మెట్లు నాకు మంచి సాకైపోయాయి.

మర్నాడు పక్కింటి కుర్రాళ్ళు అన్నని కుర్చీలో మోసుకొచ్చారు. “మామా, ఆ ఫిరంగిని మోసినా ఇంత బరువుండదు” అని వాళ్ళు రొప్పుతున్నారు. అన్న కోట వైపు వంగి, ఆ కారిన మొహాల్ని ఒక్కొక్కటిగా వేలితో తాకాడు.

నేను మా ఇంటి తెలుగులోనే చెప్పాను. “నేను పెట్టలేదన్నా. డబ్బాలో దాచిపెట్టినాను. వాళ్ళే వచ్చి నిలిచినారు.”

అన్న నా వైపు తిరిగాడు. నోరు తెరిచాడు.

“నిలిచినార్రా” అన్నాడు.

తర్వాత గడ్డం దగ్గర కళ్ళున్న సిపాయిని చూపించి నవ్వాడు. అది అన్న పాత నవ్వే.

కొందరికి ఇంటి భాషే ముందు తిరిగి వస్తుందని ఆ అమ్మాయి తర్వాత చెప్పింది. మేమే తప్పు భాషలో అడుగుతూ వచ్చాం. కాబట్టి మాట రావడానికి కారణం ఉంది. ఇప్పుడు అన్న నా భార్యతో “ఉప్పు లేదే” అని పేచీ కూడా పెడుతున్నాడు.

ఆ పాదాల సంగతే నాకు తెలియదు. తాళాన్ని ఎన్నోసార్లు పరీక్షించాను. ఆ మధ్యాహ్నాన్ని మళ్ళీ మళ్ళీ గుర్తు చేసుకున్నాను. ఏ వైపు నుంచి ఆలోచించినా ఆ గదిలోకి ఎవరూ వెళ్ళలేదు.

కొలువు అయిపోయినా కోటని విప్పలేదు. ఆ గదికి తాళం వేయడం మానేశాను. మొన్న అన్న మళ్ళీ రంగు డబ్బాలు తెరిపించాడు. గండిలో ఇంకా చోటుందంటున్నాడు.