నాడా కట్టని ఫైలు

వీడియో కాల్‌లో గడప కనపడినప్పుడు అడిగారు కదా, ఆ ఎరుపు పెయింటా అని. కాదు బిడ్డలూ, జాజు. ఎర్రమట్టిని నీళ్లలో కలిపి గుడ్డతో పూస్తాం. ఇల్లంతా టైల్స్ వేయించినా గడప మాత్రం నాకు జాజుతోనే ఉండాలి. అదే జాజు ఒకసారి మా ఊరి బడి బోరింగుకు కూడా పూశాను. ఆ సంగతి ఈ అమ్మమ్మ మీ అమ్మకు కూడా చెప్పలేదు.

అప్పుడు కరీంనగర్ దగ్గర మంచినీళ్ల ఆఫీసులో అటెండర్‌ను. చాయ్ పోయడం, ఫైళ్లు మోయడం నా పని. క్లర్కు ప్రతి ఫైలుకూ నాడా చుట్టి రెండు ముళ్లు వేసి ఇచ్చేవాడు. ముడి విప్పడం మా పని కాదు. నేనెన్నడూ విప్పలేదు.

ఒకరోజు ఆఫీసరుకు తిరిగి ఇమ్మని క్లర్కు ఇచ్చిన ఫైలుకు నాడా కట్టి లేదు. మెట్ల మీద కాగితం జారింది. తీస్తూ చదివాను. మా బడి బోరింగు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, తాగడానికి పనికిరావు అని ఉంది. అలాంటి బోరింగుకు తాగొద్దని గుర్తుగా ఎర్రరంగు వేయాలి. దాని కిందే పెన్నుతో, ఇప్పుడే వేయొద్దు, బయట చెప్పొద్దు అని ఆఫీసరు రాసి ఉన్నాడు.

ఆఫీసరు చెడ్డవాడు కాదు. అడిగితే మెల్లగానే చెప్పాడు.

"ట్యాంకర్ దొరికెదాంక ఆగాలెనమ్మా. ఇప్పుడే చెప్తె ఊరోళ్లు ఏం తాగుతరు?"

చాయ్ గ్లాసు తీసుకుని బయటికి వచ్చాను. నెల గడిచినా ట్యాంకర్ రాలేదు. ఇంటర్వెల్ గంట కొట్టగానే పిల్లలు ఆ బోరింగు కిందే దోసిళ్లు పట్టేవారు. నోటితో చెబితే నా ఉద్యోగం పోతుంది. ఒక శుక్రవారం పొద్దున, ఎవరూ లేవకముందే, గడపకు పూయగా మిగిలిన జాజు తీసుకెళ్లి బోరింగుకు పూశాను.

సర్కారే రంగు వేసిందనుకుని ఊరంతా ఆ నీళ్లు మానేసింది. పొలం బావి దాకా నడవాల్సి వచ్చింది.

"రంగేసినోనికేం ఎర్క, బిందె మోసేది మనం గదా" అని పక్కింటామె దారంతా తిట్టింది. నేనూ బిందె ఎత్తుకుని ఆమె వెనకాలే నడిచాను. నాలుగో రోజు ట్యాంకర్ వచ్చింది.

ఆఫీసరు కూడా వచ్చి బోరింగును వేలితో రుద్దాడు. ఎరుపు వేలికి అంటింది. ఇది మన పెయింటు కాదు, జాజు అన్నాడు. ఆఫీసుకు వచ్చాక అందరినీ నిలబెట్టి, నా వైపే చూస్తూ, ఊళ్లో ఎవరు చెప్పారని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే క్లర్కు అన్నాడు.

"ఫైలు నా దగ్గర్నే ఉండె సార్. ఊర్లె నేనే చెప్పిన."

ఆయన్ను ఆదిలాబాద్ అవతలికి బదిలీ చేశారు. పూసింది నేనేనని ఒప్పుకోలేదు. ఉద్యోగం చూసుకున్నాను. ఆ మాట మీకు దాచను.

వెళ్లే రోజు ఆయన బీరువాలో ఫైళ్లు సర్దుతుంటే అందిస్తూ నిలబడ్డాను.

"గోర్లల్ల ఇంక ఎర్రగనే ఉన్నది అక్కా. నిమ్మచెక్కతోని రుద్దుకో" అన్నాడు.

ఇంతలో ఎవరో లోపలికి వచ్చారు. అడగలేకపోయాను. చాలా ఏళ్లకు ఆ వైపే కాగజ్‌నగర్‌లో ఒక పెళ్లికి పోయి వాకబు చేస్తే, ఆయన ఇక లేడని, కాలం చేశాడని చెప్పారు.

ప్రతి ఫైలుకూ రెండు ముళ్లు వేసే మనిషి. ఆ ఒక్కదానికి కట్టడం మరిచిపోయాడా, కావాలనే నా చేతిలో పెట్టాడా?